తేడా కాలేయంలో, కారణం ఇంకెక్కడో: చిట్టెలుక ఎంజైమ్‌ల జన్యు మ్యాపింగ్

బీటా-గ్లూకురోనిడేజ్ అనే ఎంజైమ్ చిట్టెలుక ఒంట్లో దాదాపు ప్రతి కణజాలంలోనూ దొరుకుతుంది. దాని సొంత చోటు లైసోజోమ్. కణంలో పాతబడిన సరుకును తుక్కు చేసే చిన్న సంచి అది. కాలేయ కణాల్లో మాత్రం ఈ ఎంజైమ్‌కు రెండో కాపురం కూడా ఉంది. కొంత లైసోజోమ్‌లో ఉంటే, ఇంకొంత ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే పొరల అల్లికలో ఉంటుంది. వైబీఆర్ అనే స్ట్రెయిన్ (దగ్గరి బంధువులనే కలుపుతూ పెంచిన వంశం) ఎలుకల గురించి 1967లో జన్యుశాస్త్రవేత్త కెన్నెత్ పైగెన్, ఆయన సహచరుడు ఒక వింత సంగతి ప్రకటించారు. వాటి కాలేయంలో లైసోజోమ్ వాటా ఎప్పటిలాగే ఉంది. పొరల్లో ఉండాల్సిన వాటా మాత్రం లేదు.

ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువే పాడైందనుకుంటే రెండు వాటాలూ తగ్గాలి కదా. అలా జరగలేదు. పైగా ఎలుకలను సంకరం చేసి పిల్లలను పరీక్షిస్తే, ఈ లోపం గ్లూకురోనిడేజ్ జన్యువుతో కలిసి ప్రయాణించలేదు. తన దారిన తాను వేరుగా సంక్రమించింది. తర్వాతి పరిశోధనల్లో చిరునామాలు తేలాయి. గ్లూకురోనిడేజ్ జన్యువు 5వ క్రోమోజోమ్ మీద ఉంది. వైబీఆర్ లోపం 8వ క్రోమోజోమ్ మీద ఉంది. అక్కడున్న జన్యువు తయారుచేసే ప్రోటీన్ పేరు ఎగసిన్. గ్లూకురోనిడేజ్‌ను పట్టుకుని రెటిక్యులమ్ పొరల్లో నిలిపి ఉంచడం దాని పని. ఎగసిన్ లేకపోతే ఆ ఎంజైమ్ అక్కడ ఆగదు. అంటే ఎంజైమ్‌లో ఏ తప్పూ లేదు, దాన్ని ఆపి ఉంచే చెయ్యే లేదు.

కణజాలానికో తీరుగా కనిపించే ఎంజైమ్ తేడాలను క్రోమోజోమ్‌ల మీద గుర్తించే పని మొత్తానికీ ఈ ఉదాహరణ ఒక నమూనా. ఫలానా కణజాలంలో ఫలానా ఎంజైమ్ రెండు స్ట్రెయిన్ల మధ్య తేడాగా ఉందంటే కనీసం ముగ్గురు అనుమానితులు ఉంటారు. ఎంజైమ్ ప్రోటీన్‌కు నమూనా అయిన జన్యువు ఒకటి. ఆ జన్యువు పక్కనే ఉండి, ఏ కణజాలంలో ఎంత పని చేయాలో నిర్ణయించే డీఎన్ఏ స్విచ్ రెండోది. ఎక్కడో దూరంగా కూర్చుని, తయారైన ఎంజైమ్‌కు మెరుగులు దిద్దేదో, మోసేదో, దాచేదో, నరికేదో అయిన మరో జన్యువు మూడోది. పరీక్షనాళికలో ఎంజైమ్‌ను ఎంత జాగ్రత్తగా కొలిచినా ఈ ముగ్గురిలో ఎవరన్నది తేలదు. కొలతలో కనిపించేది తేడా మాత్రమే. దాని చిరునామా కావాలంటే ఎలుకలను సంకరం చేయాల్సిందే.

జెల్ మీద గీతలు

ఈ రంగానికి ఊపిరి పోసింది ఒక మామూలు పదార్థం, స్టార్చ్. 1955లో ఆలివర్ స్మిథీస్ స్టార్చ్ జెల్‌లో ప్రోటీన్లను విడదీసే పద్ధతి చెప్పారు. రెండేళ్లకు హంటర్, మార్కర్ట్ అదే జెల్ మీద ఎంజైమ్‌లకు మాత్రమే రంగు పట్టించే చిట్కా కనిపెట్టారు. 1959లో మార్కర్ట్, మోలర్ ‘ఐసోజైమ్’ అనే మాట వాడుకలోకి తెచ్చారు. ఒకే రసాయన చర్యను జరిపే, రూపంలో వేరైన ఎంజైమ్‌లకు ఆ పేరు.

పని జరిగే తీరు దగ్గర నుంచి చూడదగ్గది. కాలేయం ముక్కను చల్లటి ద్రావణంలో మెత్తగా నూరి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన రసం తీస్తారు. అందులో ముంచిన చిన్న ఫిల్టర్ పేపర్ ముక్కను జెల్‌లో కోసిన గాటులో దూరుస్తారు. పక్క గాటులో మరో స్ట్రెయిన్ ఎలుక కాలేయం, ఆ పక్కన వాటి సంకరపు పిల్లది. కొన్ని గంటలు కరెంటు పెడతారు. విద్యుదావేశాన్ని బట్టి ప్రోటీన్లు వేర్వేరు వేగాలతో కదులుతాయి. తర్వాత జెల్‌ను పలుచగా కోసి రంగు ద్రావణంలో వేస్తారు. లాక్టేట్ డీహైడ్రోజినేజ్ కావాలంటే ఆ ద్రావణంలో లాక్టేట్, ఎన్ఏడీ, ఫెనజైన్ మెథోసల్ఫేట్, నైట్రోబ్లూ టెట్రజోలియం కలుపుతారు. వెలుతురు తగిలితే పాడవుతుంది కాబట్టి చీకట్లో ఉంచుతారు. ఎంజైమ్ ఉన్నచోట లాక్టేట్ నుంచి బయల్దేరిన ఎలక్ట్రాన్లు చివరికి టెట్రజోలియాన్ని చేరతాయి, ముదురు ఊదా గీత పడుతుంది. జెల్‌లో వందలాది ఇతర ప్రోటీన్లు ఉన్నా ఒక్కటీ కనిపించదు. వెతుకుతున్న ఎంజైమ్ తన పని తాను చేసి, తన చోటు తానే చూపిస్తుంది.

ఈ లాక్టేట్ డీహైడ్రోజినేజ్ నాలుగు ఉపభాగాలు కలిసిన ఎంజైమ్. ‘ఏ’ రకం, ‘బి’ రకం ఉపభాగాలు ఎలా కలిసినా నాలుగే కాబట్టి మొత్తం ఐదు రూపాలు వస్తాయి, జెల్ మీద ఐదు గీతలు. గుండెలో బి వైపు గీతలు ముదురుగా ఉంటాయి, కాలి కండరంలో ఏ వైపువి. వృషణాల్లో అదనంగా ‘సి’ రకం కనిపిస్తుంది, అది వీర్యకణాల సొత్తు. ఎలుకలో ఏ, సి జన్యువులు రెండూ 7వ క్రోమోజోమ్ మీద దగ్గర దగ్గరగా ఉంటాయి. బి జన్యువు 6వ క్రోమోజోమ్ మీద ఉంటుంది.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే చోటు ఒకటి ఉంది. ఒకే ఎలుకలో గుండెకూ కండరానికీ ఉన్న తేడాను సంకరాలతో మ్యాప్ చేయలేం. రెండు కణజాలాల్లోనూ ఉన్నది అదే డీఎన్ఏ. ఆ తేడా ఎదుగుదలలో వచ్చింది, వారసత్వంలో కాదు. సంకరాలతో మ్యాప్ చేయాలంటే ఒకే కణజాలం రెండు స్ట్రెయిన్లలో రెండు రకాలుగా ఉండాలి. అందరిలోనూ ఒకేలా ఉండే ఎంజైమ్, ఎంత ముఖ్యమైనదైనా, ఈ పద్ధతికి మూగదే. కాబట్టి ‘కణజాలానికి ప్రత్యేకమైన ఎంజైమ్ తేడా’ అన్న మాటలో రెండు తేడాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. స్ట్రెయిన్‌కూ స్ట్రెయిన్‌కూ మధ్య తేడా ఉండాలి. ఆ తేడా కొన్ని కణజాలాల్లో కనిపించి, కొన్నింట్లో కనిపించకుండా ఉండాలి. ఉదాహరణకు 1968లో షోస్, రడిల్ కొన్ని స్ట్రెయిన్లలో ఎర్ర రక్తకణాల లాక్టేట్ డీహైడ్రోజినేజ్‌ను పోల్చి, బి ఉపభాగం కొన్నింట్లో ఉండటం, కొన్నింట్లో లేకపోవడం చూశారు. గుండె లాంటి ఇతర కణజాలాల్లో మాత్రం బి ఉపభాగం అన్నింట్లోనూ ఉంది. బి జన్యువే చెడి ఉంటే గుండెకు కూడా దెబ్బ తగిలేది. రక్తకణంలో మాత్రమే ఆ జన్యువును నడిపే ఏర్పాటేదో వేరుగా ఉండాలని వారు వాదించడానికి కారణం అదే.

జెల్‌కు ఒక గుడ్డితనం కూడా ఉంది. విద్యుదావేశం మార్చని అమైనో ఆమ్ల మార్పు సాధారణంగా జెల్ మీద కనిపించదు. రెండు గీతలు ఒకే ఎత్తులో పడ్డాయంటే ప్రోటీన్లు ఒకటేనని కాదు, తేడా ఈ కంటికి ఆనలేదని మాత్రమే.

పిల్లల లెక్క

చిట్టెలుకలో 20 జతల క్రోమోజోమ్‌లు ఉంటాయి. ఒకే క్రోమోజోమ్ మీద దగ్గరగా ఉన్న జన్యువులు తల్లిదండ్రుల నుంచి కలిసే వస్తాయి, దూరమయ్యేకొద్దీ విడిపోయే అవకాశం పెరుగుతుంది. దీన్ని సహలగ్నత అంటారు. ఎలుకల్లో మొదటి సహలగ్నతను 1915లో జె.బి.ఎస్. హాల్డేన్, ఆయన సోదరి, వారి మిత్రుడు ప్రచురించారు. తెల్ల ఒళ్లు, గులాబీ కళ్లు, ఈ రెండు లక్షణాలవి అవి. అప్పట్లో క్రోమోజోమ్ మీద చోటు చెప్పే గుర్తులు కంటికి కనిపించే లక్షణాలే. కళ్ల రంగు, తోక వంకర, వెంట్రుకల మెలిక. ఒక్కో సంకరంలో ఇలాంటివి రెండో మూడో మించి పెట్టలేరు. ఎక్కువ లోపాలు పోగేస్తే ఎలుక బతకదు. ఎంజైమ్ తేడాలు ఈ ఇరుకును తీర్చాయి. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలోనే, ఏ బాధా పెట్టని తేడాలు డజన్లకొద్దీ ఒకేసారి చదవొచ్చు. పైగా సంకరపు పిల్లలో ఇద్దరి గీతలూ కనిపిస్తాయి, ఒకటి మరొకదాన్ని మరుగుపరచదు.

పద్ధతి సూటిగా ఉంటుంది. రెండు స్ట్రెయిన్లను కలిపి, పుట్టిన పిల్లలను తిరిగి ఒక తల్లిదండ్రుల స్ట్రెయిన్‌తో కలుపుతారు. ఆ మనవలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. వందలో ఒకటి విడిపోతే దూరం 1 సెంటీమోర్గాన్. ఎలుకలో అది స్థూలంగా 20 లక్షల డీఎన్ఏ అక్షరాలు. చిక్కు కణజాలంతోనే వస్తుంది. కాలేయం, కిడ్నీ, జీర్ణాశయం పొర కావాలంటే ఎలుక ప్రాణం పోవాల్సిందే. ఆ మనవడి జన్యుకూర్పు ప్రపంచంలో దానికొక్కదానికే ఉంది, రేపు మరో కణజాలం చూద్దామంటే మళ్లీ దొరకదు. వృషణాల్లో మాత్రమే కనిపించే ఎంజైమ్ అయితే పుట్టిన పిల్లల్లో సగం, అంటే ఆడవి, లెక్కలోకే రావు. వాటి దగ్గర జన్యువు ఉంటుంది, దాన్ని చూపించే అవయవం ఉండదు.

ఈ చిక్కుకు దొరికిన జవాబు, ఈ రంగం మొత్తంలో అన్నిటికంటే తెలివైన ఏర్పాటు అనదగ్గది, రీకాంబినెంట్ ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్లు. అమెరికాలోని జాక్సన్ ల్యాబొరేటరీలో డొనాల్డ్ బెయిలీ, బెంజమిన్ టేలర్ వీటిని పెంచి పోషించారు. రెండు స్ట్రెయిన్లను కలిపి, మనవల తరం నుంచి జంటలు విడదీసి, ఒక్కో జంట సంతానంలో అన్నాచెల్లెళ్లను 20 తరాలు వరుసగా కలుపుతూ పోతారు. చివరికి ఒక్కో వంశం తాతముత్తాతల క్రోమోజోమ్ ముక్కలను ఒక్కో రకంగా కలగలిపి స్థిరపడిపోతుంది. ఆ తర్వాత ఆ వంశంలో ప్రతి ఎలుకా మరో ఎలుకకు నకలే. ఇప్పుడు మగవాటి వృషణం, ఆడవాటి అండాశయం, పది రోజుల పిల్ల కాలేయం, ఏడాది ఎలుక కిడ్నీ, ఏది కావాలన్నా అదే జన్యుకూర్పులో దొరుకుతుంది. ఒకసారి చేసిన మ్యాప్ పని వృథా పోదు. ఇవాళ కొలిచిన ఎంజైమ్‌ను ఇరవై ఏళ్ల కింద మరొకరు కొలిచిన గుర్తులతో పోల్చుకోవచ్చు.

సి57బీఎల్/6జె, డీబీఏ/2జె స్ట్రెయిన్ల నుంచి వచ్చిన బీఎక్స్‌డీ సెట్‌లో మొదట 26 వంశాలు ఉండేవి. ఒక్కో వంశానికి ఎదురుగా, ఎంజైమ్ ఏ తాతదో ‘బి’ అనో ‘డి’ అనో రాస్తే 26 అక్షరాల వరుస వస్తుంది. అంతకుముందే తెలిసిన ఒక గుర్తు వరుసతో దీన్ని పక్కపక్కన పెట్టి చూస్తారు. సంబంధం లేని రెండు వరుసలు 26 చోట్లా కాకతాళీయంగా కలవాలంటే అవకాశం సుమారు 6.7 కోట్లలో ఒకటి. ఒక్క వంశంలో తేడా వచ్చి మిగతా 25 కలిశాయనుకుందాం. 26లో 1 అంటే దాదాపు 4 శాతం, దూరం 4 సెంటీమోర్గాన్లు అనిపిస్తుంది. కానీ ఈ వంశాల్లో క్రోమోజోమ్‌లు 20 తరాలపాటు మారి మారి విడిపోయాయి కాబట్టి విడిపోయే అవకాశం ఒక్క తరం కంటే దాదాపు నాలుగు రెట్లు. 1931లో హాల్డేన్, వాడింగ్టన్ కట్టిన సూత్రం ప్రకారం సరిచేస్తే అసలు దూరం సుమారు 1 సెంటీమోర్గాన్. నాలుగు వంశాల్లో తేడా వస్తే సుమారు 5. పెన్నూ కాగితంతో చేయగల లెక్క ఇది. అప్పట్లో నిజంగానే అలాగే చేశారు.

దీనికీ హద్దులున్నాయి. తాతలిద్దరూ ఒకేలా ఉన్న ఎంజైమ్‌కు ఈ సెట్ పనికిరాదు. ల్యాబ్ స్ట్రెయిన్లన్నీ కొద్దిపాటి మూలాల నుంచి వచ్చినవే కావడంతో ఇలా తరచూ జరిగేది. 1970ల చివర్లో ఫ్రాన్స్ పరిశోధకులు ల్యాబ్ ఎలుకలను మస్ స్ప్రెటస్ అనే వేరే జాతి అడవి ఎలుకలతో కలిపి చూపించాక ఆ కరువు తీరింది. పుట్టిన మగపిల్లలు గొడ్డువి, ఆడవి కంటాయి. అది చాలు. రెండు జాతుల మధ్య దాదాపు ప్రతి ఎంజైమ్‌కూ ఏదో ఒక తేడా ఉంటుంది.

ముగ్గురు అనుమానితులు, మూడు కథలు

మూడో అనుమానితుడి కథే అన్నిటికంటే ఆసక్తికరం, ఎందుకంటే దాన్ని పట్టించింది మ్యాప్ ఒక్కటే. ఎస్ఎం/జె అనే స్ట్రెయిన్ కాలేయంలో యాసిడ్ ఫాస్ఫటేజ్ జెల్ మీద మిగతావాటికంటే వేరే చోట పడేది. ఒక బృందం దాన్ని 17వ క్రోమోజోమ్ మీద మ్యాప్ చేసి ఒక పేరు పెట్టింది. ఆల్ఫా-మానోసిడేజ్ అనే వేరే ఎంజైమ్ కూడా అదే స్ట్రెయిన్‌లో తేడాగా కదిలేది. అదీ 17వ క్రోమోజోమ్ మీదే, అదే పరిసరాల్లో తేలింది, దానికి మరో పేరు వచ్చింది. ఒకదానికొకటి సంబంధం లేని రెండు ఎంజైమ్‌లు ఒకే స్ట్రెయిన్‌లో, ఒకే చోటికి మ్యాప్ కావడం చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. కాలేయంలో న్యూరామినిడేజ్ అనే ఇంకో ఎంజైమ్ ఈ స్ట్రెయిన్‌లో బాగా తక్కువని, దాని జన్యువు కూడా సరిగ్గా అక్కడే ఉందని తెలిశాక చిక్కుముడి వీడింది. లైసోజోమ్ ఎంజైమ్‌ల మీద సియాలిక్ యాసిడ్ అనే చక్కెర తునకలు అతుక్కుని ఉంటాయి, వాటికి రుణావేశం ఉంటుంది. వాటిని కత్తిరించేది న్యూరామినిడేజ్. కత్తెర మొద్దుబారితే తునకలు అలాగే మిగిలిపోతాయి, ఎంజైమ్‌కు రుణావేశం ఎక్కువై ధనధ్రువం వైపు వేగంగా పరుగెత్తుతుంది. రసానికి విడిగా న్యూరామినిడేజ్ కలిపి నడిపితే తేడా మాయమైపోతుంది. మూడు పేర్లతో రాసుకున్న మూడు స్థానాలు చివరికి ఒకే జన్యువు.

జెల్ మీద చూసినవాళ్లకు అవి ఫాస్ఫటేజ్ తేడా, మానోసిడేజ్ తేడా. ఆ రెండు ఎంజైమ్‌ల జన్యువుల్లో మాత్రం ఏ మార్పూ లేదు. చిరునామా కలవకపోయి ఉంటే ఆ రెండు పేర్లు పట్టికల్లో ఇంకెంతకాలం విడివిడిగా ఉండిపోయేవో.

రెండో అనుమానితుడికి, అంటే పక్కింటి స్విచ్‌కు, మంచి సాక్ష్యం మళ్లీ గ్లూకురోనిడేజే. టెస్టోస్టెరాన్ ఇస్తే ఎలుక కిడ్నీలో ఈ ఎంజైమ్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. అదే ఎలుక కాలేయంలో అలాంటి పెరుగుదల కనిపించదు. కిడ్నీలో ఎంత వేగంగా, ఎంత మేరకు పెరుగుతుందన్నది స్ట్రెయిన్‌ను బట్టి మారుతుంది. ఆ తేడాను మ్యాప్ చేస్తే 5వ క్రోమోజోమ్ మీద, ఎంజైమ్ జన్యువును అంటిపెట్టుకునే తేలింది. అయితే ‘దగ్గరగా ఉంది’ అన్నంత మాత్రాన ‘దాన్నే నడుపుతోంది’ అని తేల్చలేం. పొరుగున మరో హార్మోన్ గ్రాహకపు జన్యువు ఉండొచ్చు కదా. అసలు పరీక్ష సంకరపు పిల్లలో జరుగుతుంది. దానిలో రెండు క్రోమోజోమ్‌లూ ఒకే కణంలో, ఒకే హార్మోన్ కింద పనిచేస్తుంటాయి. స్విచ్ దూరం నుంచి ప్రవహించే పదార్థం ద్వారా పనిచేస్తే రెండు స్ట్రెయిన్ల నుంచి వచ్చిన రెండు రకాల ఎంజైమ్ ఉపభాగాలూ సమానంగా పెరగాలి. తన క్రోమోజోమ్ మీది జన్యువునే నడిపితే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పెరగాలి. కిడ్నీలో రెండోదే జరిగింది. పైగెన్ బృందం ఎంజైమ్ జన్యువు, దాని హార్మోన్ స్విచ్, వయసును బట్టి మార్చే స్విచ్ అన్నీ కలిపి ఒక గుత్తిగా లెక్కించడం మొదలుపెట్టింది. డీఎన్ఏ అక్షరాలు చదవడం ఇంకా రాని రోజుల్లో, కేవలం పెంపకంతోనూ కొలతతోనూ, ప్రోటీన్ తయారీ సమాచారం వేరని, ఎక్కడ ఎప్పుడు అన్న సమాచారం వేరని ఇంత స్పష్టంగా విడదీయగలగడం చిన్న విషయం కాదు.

అమైలేజ్ ఈ బొమ్మకు ఇంకో మెలిక జోడించింది. ఎలుకలో లాలాజల గ్రంథి అమైలేజ్ జన్యువు, క్లోమం అమైలేజ్ జన్యువు వేర్వేరు, రెండూ 3వ క్రోమోజోమ్ మీద ఇరుగుపొరుగున ఉంటాయి. కాలేయంలో ఉండే కొద్దిపాటి అమైలేజ్ ఎవరిది? 1981లో యంగ్, హాగెన్‌బుష్లె, షిబ్లర్ చూపించింది ఏమిటంటే అది లాలాజల జన్యువు పనే. కానీ ఆర్ఎన్ఏ, అంటే జన్యువు నుంచి తీసే పని నకలు, మొదలయ్యే చోటు కాలేయంలో ఒకటి, లాలాజల గ్రంథిలో మరొకటి. ఒకే జన్యువుకు రెండు వాకిళ్లు. ఒక వాకిలి దగ్గర మార్పు వస్తే ఒక కణజాలంలోనే తేడా కనిపిస్తుంది. ప్రోటీన్ రెండు చోట్లా అక్షరం పొల్లుపోకుండా ఒకటే.

మొదటి అనుమానితుడు, అంటే ఎంజైమ్ సొంత జన్యువు, కొన్నిసార్లు ఇద్దరుగా ఉంటాడు. ఫాస్ఫోగ్లిసరేట్ కైనేజ్ అన్ని కణాలకూ కావాలి, చక్కెర నుంచి శక్తి తీయడంలో అదొక మెట్టు. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. వీర్యకణాలు తయారయ్యే దశలో ఎక్స్ మూతబడుతుంది. మరి ఆ కణాలకు శక్తి ఎలా? వృషణాల్లో కనిపించే రెండో రూపంలో స్ట్రెయిన్ల మధ్య తేడా దొరకడంతో దాన్ని మ్యాప్ చేయగలిగారు. అది ఎక్స్ మీద లేదు, 17వ క్రోమోజోమ్ మీద ఉంది. తర్వాత డీఎన్ఏ చూస్తే ఆ రెండో జన్యువులో మధ్యమధ్య ఉండాల్సిన ఇంట్రాన్లు, అంటే ప్రోటీన్ తయారీకి ముందు ఆర్ఎన్ఏ నుంచి కత్తిరించేసే ముక్కలు, లేవు. ఎప్పుడో పాత జన్యువు ఆర్ఎన్ఏ తిరిగి డీఎన్ఏగా మారి వేరే క్రోమోజోమ్‌లో పడి, అక్కడ వృషణంలో ఉద్యోగం సంపాదించుకుందన్న మాట.

ఈ తేడాలు మ్యాపింగ్‌కే కాదు, కణజాలం ఎలా తయారవుతుందో చూడటానికి కూడా పనికొచ్చాయి. 1967లో బీట్రిస్ మింట్జ్, విల్బర్ బేకర్ రెండు స్ట్రెయిన్ల పిండాలను అతికించి ఒకే ఎలుకగా పెంచారు. ఒక స్ట్రెయిన్ కణాల్లో ఐసోసిట్రేట్ డీహైడ్రోజినేజ్ ఒక రూపం, రెండో స్ట్రెయిన్‌లో మరో రూపం. ఇది రెండు ఉపభాగాల ఎంజైమ్. రెండు రూపాలూ కలిసిన మధ్య గీత రావాలంటే రెండు జన్యువులూ ఒకే కణంలో ఉండాలి. చూసిన ఇతర కణజాలాల్లో రెండు విడి గీతలే పడ్డాయి. అస్థి కండరంలో మాత్రం మధ్య గీత వచ్చింది. కండర తంతువులోని బోలెడు కేంద్రకాలు ఒకే కణం చీలి చీలి రాలేదని, విడి కణాలు కలిసిపోయి ఆ తంతువు తయారైందని ఆ ఒక్క గీత తేల్చేసింది. ఎంజైమ్ తేడాలు ఇచ్చిన ఫలితాల్లో ఇంత పొదుపుగా ఇంత పెద్ద ప్రశ్నకు జవాబిచ్చినవి అరుదు.

జెల్ తర్వాత

2002 డిసెంబరులో సి57బీఎల్/6జె జన్యుక్రమం వెలువడింది. గుర్తుల కొరత తీరిపోయింది, ఎలుకకు లక్షల గుర్తులు చదవొచ్చు. జెల్ గీతల స్థానంలో ప్రతి కణజాలంలో ప్రతి జన్యువు ఆర్ఎన్ఏనూ కొలిచి, ఆ కొలతనే ఒక లక్షణంగా మ్యాప్ చేయడం వచ్చింది. ఆర్ఎన్ఏ తేడా సొంత జన్యువు దగ్గరికే మ్యాప్ అయితే సిస్, వేరే చోటికి మ్యాప్ అయితే ట్రాన్స్ అంటారు. మాటలు కొత్తగా అనిపించినా అడుగుతున్నది గ్లూకురోనిడేజ్ కాలపు ప్రశ్నే, ఎంజైమ్ 5 మీద ఉంటే కారణం 5 మీదా, 8 మీదా అని. సంకరపు పిల్లలో రెండు అల్లీళ్లను, అంటే ఒకే జన్యువుకు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు రూపాలను, విడివిడిగా లెక్కించే పాత పరీక్ష ఇప్పుడు ఆర్ఎన్ఏ అక్షరాల తేడాతో వేల జన్యువులకు ఒకేసారి జరుగుతోంది.

పాత గుడ్డితనం పోయి కొత్తది వచ్చింది. ఆర్ఎన్ఏను కొలిచే మైక్రోఅరే చిప్ మీది ప్రోబ్, అంటే ఆర్ఎన్ఏను పట్టుకునే చిన్న డీఎన్ఏ తునక, ఒక స్ట్రెయిన్ అక్షరాల ప్రకారం తయారైతే, రెండో స్ట్రెయిన్‌లో అక్కడ ఒక్క అక్షరం మారినా సరిగ్గా అతుక్కోదు. ఆర్ఎన్ఏ రెండింట్లో సమానంగా ఉన్నా రెండో దానిలో తక్కువున్నట్టు కనిపిస్తుంది, పైగా చక్కగా సిస్‌గా మ్యాప్ అవుతుంది. తొలి రోజుల సిస్ ఫలితాల్లో ఇలాంటి నకిలీలు కలిసిపోయాయి. అక్కడ మ్యాప్ అబద్ధం చెప్పలేదు. ఆ చోట తేడా ఉన్నమాట నిజమే, ఉన్నది కొలిచే పరికరపు పట్టులో.

స్ట్రెయిన్ పేరును గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో నికోటినమైడ్ న్యూక్లియోటైడ్ ట్రాన్స్‌హైడ్రోజినేజ్ కథ చెబుతుంది. ఇది మైటోకాండ్రియా లోపలి పొరలో ఉండి, అక్కడ ఎన్ఏడీపీహెచ్ అందించే ఎంజైమ్. ప్రపంచంలో ఎక్కువగా వాడే, జన్యుక్రమానికి ప్రామాణికంగా పెట్టుకున్న సి57బీఎల్/6జె ఎలుకలోనే ఈ జన్యువు (13వ క్రోమోజోమ్) మధ్యలో 5 ఎక్సాన్లు (కత్తిరింపు తర్వాత ఆర్ఎన్ఏలో మిగిలే ముక్కలు) ఎగిరిపోయి ఉన్నాయి. 1951లో విడిపోయిన సోదర శాఖ సి57బీఎల్/6ఎన్‌లో జన్యువు నిక్షేపంగా ఉంది. రెండింటినీ ‘బ్లాక్ 6’ అని ఒకే పేరుతో పిలిచి, ప్రయోగం ఒక శాఖలో, పోలిక ఇంకో శాఖలో చేస్తే, కనిపించిన తేడాను ఏ మందుకో, ఏ కొత్త జన్యువుకో అంటగట్టే ప్రమాదం ఉంది. గ్లూకోజ్ నియంత్రణ మీద, మైటోకాండ్రియా మీద పనిచేసేవాళ్లకు ఇది ఇప్పటికీ టెన్షన్ పెట్టే విషయమే.

ఆర్ఎన్ఏ కొలతలు పెరిగేకొద్దీ ప్రోటీన్‌ను నేరుగా కొలవాల్సిన అవసరం మళ్లీ ముందుకొచ్చింది. ఎనిమిది స్ట్రెయిన్ల నుంచి కలగలిపి పెంచిన డైవర్సిటీ ఔట్‌బ్రెడ్ ఎలుకల్లో 192 కాలేయాల ఆర్ఎన్ఏనూ, ప్రోటీన్లనూ కొలిచి చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. తేడా సొంత జన్యువు దగ్గరే ఉన్న ప్రోటీన్లలో చాలావాటికి ఆర్ఎన్ఏ కూడా అదే బాటలో మారింది. అది ఊహించిందే. తేడా దూరపు జన్యువు నుంచి వస్తున్న ప్రోటీన్లలో మాత్రం చాలావాటి సొంత ఆర్ఎన్ఏలో ఆ ఛాయే లేదు. వెతికితే ఆ దూరపు చోట తరచూ దొరికింది, ఈ ప్రోటీన్ ఎవరితో జతకట్టి నిలబడుతుందో ఆ జోడీ ప్రోటీన్ జన్యువు. జోడీ తగ్గితే, తయారైన ఇది కూడా నిలవదు. వైబీఆర్ ఎలుక కాలేయంలో గ్లూకురోనిడేజ్ తన చోట నిలవకపోవడానికి ఎగసిన్ లేకపోవడమే కారణమైనట్టు.